నాయనా, చూశావుగా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా బాబు బీటెక్ రెండో సంవత్సరం చదివేవాడు. మార్చిలో కాలేజీ నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. పంతొమ్మిదేళ్ళు అమ్మా వాడికి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు తీసుకుంటాం కదా, వాడికొచ్చిన కార్డు మీద ‘దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను’ అని ఉంది. వాడే నవ్వుకుంటూ తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. అది ఇంకా అక్కడే ఉంది. పాలు తీయాలన్నా దాని ముందే నిలబడాలి. ఆదరణ కూడికలో ‘దేవుడు తోటలో మంచి పువ్వునే కోసుకుంటాడు’ అన్నారు. ‘నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదు’ అన్నారు. మొన్న స్త్రీల సమాజంలో లేచి సాక్ష్యం చెప్పమన్నారు. నాకు నోరు పెగల్లేదు. మోకాళ్ళేస్తే ‘ఎందుకు’ అన్న మాట తప్ప ఇంకేమీ రావడం లేదు. నా విశ్వాసం పోయిందా? ఆ కార్డు ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ‘నువ్వు’ అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ముప్పై రెండేళ్ళు బడిలో తెలుగు చెప్పిన నోరు, ‘మీరు’ అంటే దూరమైపోయినట్టుంటుంది. నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రెండుసార్లు జవాబు రాసి చించేశాను. రెండిట్లోనూ నీకు పాఠం చెబుతున్నట్టే వచ్చింది.

ముందు కార్డు సంగతి. నేనొకటి ఒప్పుకోవాలి. మా సంఘంలో చాలా ఏళ్ళు ఆ కార్డులు రాసింది నేనే. అట్టలు కొని కత్తిరించి, స్కెచ్ పెన్నుతో వచనం రాసి, మూలన చిన్న పువ్వు వేసి బుట్టలో పోసేదాన్ని. ఏ వచనాలు రాయాలో నేనే ఏరేదాన్ని. ఎప్పుడూ తీపివే ఏరాను. కీర్తనలు 150 ఉంటే, వాటిలో పెద్ద వాటా ఏడుపులూ మొరలే. ఆ బుట్టలో ఒక్కసారి కూడా 88వ కీర్తన వేయలేదు. వేస్తే ఎవరు తీసుకుంటారు? కొత్త సంవత్సరం పూట ఎవరి మొహం చిన్నబోతుందో అని భయం. నీ ఉత్తరం చదివాక ఆ కత్తెర గుర్తొచ్చి చేతులు వణికాయి.

మాట దేవుడిది, చీటీ తీసే పద్ధతి మనది. ‘దీర్ఘాయువుచేత’ అన్నది 91వ కీర్తన చివర ఉంది. అదే కీర్తనలోంచి ఇంకో మాట తీసి, దేవాలయ శిఖరం మీద నిలబెట్టి యేసుప్రభువుతో అన్నది సాతాను, నీకు తెలుసు. ‘దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారు, దూకు’ అని. ఆయన దూకలేదు. ఆ కీర్తన అబద్ధమనీ అనలేదు. ముప్పై దాటిన కొన్నేళ్ళకే సిలువ మీద పోయాడు. ఆ కీర్తన పాడుకుంటూ పెరిగినవాడికే దీర్ఘాయువు దొరకలేదు. అందుకని నీ బాబు విషయంలో దేవుడు మాట తప్పాడనో, నీ విశ్వాసం చాలక ఆ వాగ్దానం నెరవేరలేదనో ఎవరన్నా అంటే నమ్మకు. మరి ఎందుకు ఇలా అయింది అంటావా? నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

పువ్వు మాట బైబిల్లో ఎక్కడా లేదు. నేను వెతికాను. అన్నవాళ్ళది చెడ్డ మనసు కాదు, ఏం అనాలో తెలియక నోటికొచ్చింది అన్నారు. అయినా తల్లితో అనాల్సిన మాట కాదది.

ఇక ‘నిరీక్షణ లేనివాళ్ళలా’ అన్న మాట. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఉంది. ‘నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము’ అని. పౌలు రాసిన దాంట్లో ‘వలె’ అని ఒక చిన్న మాట ఉంది. మనవాళ్ళు దాన్ని మింగేసి, మిగిలింది పలుకుతున్నారు. ‘పక్కింటివాళ్ళలా ఖర్చు పెట్టకు’ అని మా అమ్మ అనేది. అంటే అసలు ఖర్చే పెట్టొద్దనా? బియ్యం కొనొద్దనా? పదో తరగతి పిల్లాడికి ఈ వాక్యం ఇచ్చినా అర్థం సరిగ్గానే చెబుతాడు. పౌలు ఏడవొద్దనలేదు. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో వాణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్ళు విడిచాడు. అంతకంటే నిరీక్షణ ఎవరికుంది?

ఆ ఇంట్లోనే ఇంకొకటి చూడు. లాజరు తోబుట్టువు మార్త ఎదురొచ్చి ‘ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును’ అంది. కాసేపటికి మరియ వచ్చి అదే మాట అంది. ఇద్దరూ కలిసి అనుకుని వచ్చినట్టు లేదూ? నాలుగు రోజులు ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఇదే అనుకుని ఉంటారు. కబురు పంపాక కూడా ఆయన రెండు రోజులు ఆలస్యం చేశాడు. అది మొహం మీదే అడిగారు. ఆయన ఒక్కరినీ కసురుకోలేదు.

88వ కీర్తన అన్నాను కదా. అది హేమాను అనే కీర్తనకారుడి పేరుమీద ఉంది. కష్టం చెప్పుకుని చెప్పుకుని, మిగతా కీర్తనల్లాగా చివర్లో స్తుతిలోకి తిరుగుతుందేమో అని చూస్తాం. తిరగదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. మన తెలుగు బైబిల్లో ఆ ‘బంధువర్గము’ అన్న మాట చూసినప్పుడల్లా నాకు కూడికలు గుర్తొస్తాయి. భోజనాలయ్యాక, కుర్చీలూ షామియానా వెనక్కి పంపేశాక, బంధువులంతా బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆ రాత్రి ఇంట్లో మిగిలే బంధువు ఎవరో హేమానుకి తెలుసు. నీకూ తెలుసు. అంత చీకటి ప్రార్థనని పెద్దలు కొట్టేయకుండా, దిద్దకుండా, మనం చదువుకోవడానికి దాచి పెట్టారు.

మా నాయనమ్మ సంగతి చెబుతాను. 1977 నవంబరు 19, శనివారం రాత్రి దివిసీమ మీద ఉప్పెన పడింది. సర్కారు లెక్కే 10,000 దాటింది. మా నాన్నగారికి బందరులో ఉద్యోగం కాబట్టి మేం మిగిలాం. నాగాయలంక వైపు ఉన్న మా తాతయ్య, బాబాయి, ఇద్దరు మేనత్తలు పోయారు. నాయనమ్మ చీర తుమ్మకంపకి చిక్కుకుని బతికింది. చేతుల మీద ఆ ముళ్ళ గీతలు చివరిదాకా ఉన్నాయి. మా ఇంటికి తీసుకొచ్చాం. అప్పుడు నేను ఏడో తరగతి.

కొన్ని వారాలకి పరామర్శకి ఒక పాస్టరు గారు వచ్చారు. మంచాయనే. ‘అమ్మా, దేవుడు నిన్ను కాపాడాడు, ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పు’ అన్నారు. నాయనమ్మ వక్కలు కత్తిరిస్తూ తలెత్తలేదు. ‘నన్ను కాపాడాడని చెబితే, వాళ్ళని కాపాడలేదని కూడా చెప్పాలి కదయ్యగారూ. రెండూ చెప్పమంటే చెబుతా’ అంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ చల్లారిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమె పాదాల దగ్గర కూర్చుని, చెప్పులేసుకోవడం మర్చిపోయి వాకిలి దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరూ వంతుగా ప్రార్థించాలి. ఉప్పెనకి ముందు సెలవులకి వెళ్తే, నాయనమ్మ ప్రార్థన అయ్యేలోపు మేం పిల్లలం నిద్రపోయేవాళ్ళం. ఊళ్ళో గేదెల పేర్లు కూడా వదిలేది కాదు. ఇప్పుడు వంతొస్తే ‘నాయనా, చూశావుగా’ అనేది. ఆమేన్ అనేది. అంతే. రోజూ అదే. మొదట్లో అమ్మ కంగారు పడింది, ‘అత్తయ్యా, ఇంకేమైనా’ అని. నాన్నగారు వద్దని సైగ చేశారు. ఏడాది పైనే అలా నడిచింది. మళ్ళీ కోతలొచ్చాక ఒక రాత్రి ‘నాయనా, చూశావుగా’ అని, కాస్త ఆగి, ‘ఈ పిల్ల లెక్కల్లో తప్పేట్టుంది, చూసుకో’ అంది. నేను కళ్ళు తెరిచి చూశాను. ఆమె మూసుకునే ఉంది. ఆ తర్వాత మెల్లగా మాటలు పెరిగాయి, పాటలూ పాడింది. శనివారం రాత్రి మాత్రం చనిపోయేదాకా పాడలేదు.

దుఃఖంలో ప్రార్థన గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు మాటల్లో తెలిసిందే. ఆవిడ కోపంగా ఉంది, కానీ మొహం తిప్పుకోలేదు. ఆయనతోనే అంది, ఆయన గురించి పక్కవాళ్ళతో కాదు. నువ్వు మోకాళ్ళేసి ‘ఎందుకు’ అంటున్నావంటే, అది ఎవరో ఒకరిని అడుగుతున్నావు కదా. సిలువ మీద ‘నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి’ అన్నది కూడా ‘ఎందుకు’ అనే. విశ్వాసం పోయినవాళ్ళు ఆ ప్రశ్న ఎవరినీ అడగరు చెల్లీ.

కార్డు ఏం చేయాలన్నావు. హిజ్కియా రాజుకి అష్షూరు వాళ్ళ దగ్గర్నుంచి బెదిరింపు ఉత్తరం వస్తే, మందిరానికి వెళ్ళి దాన్ని యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. రాజుల రెండో గ్రంథం పందొమ్మిదో అధ్యాయం. అది శత్రువు ఉత్తరం, నీది వాగ్దానం, ఈ రెండూ ఒకటి కాదు. అయినా పరచడానికి అడ్డేముంది? ఫ్రిజ్ మీంచి తీసి, మోకాళ్ళేసినప్పుడు నీ ముందు నేల మీద పెట్టు. ఏమీ అనకపోయినా పరవాలేదు. వేలు పెట్టి ఆ మాట చూపించు. తర్వాత మళ్ళీ ఫ్రిజ్‌కే అంటించుకుంటావో, వాడి పుస్తకంలో పెట్టుకుంటావో నీ ఇష్టం. వాడి చెయ్యి తగిలిన కాగితం, పారేయమని ఎవరు చెప్పినా పారేయకు.

సాక్ష్యం సంగతి స్త్రీల సమాజం అధ్యక్షురాలితో ‘ఒక ఏడాది నన్ను అడగొద్దు’ అని సూటిగా చెప్పు. కావాలంటే ఈ పేజీ చూపించు. గుడికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చో, పాడేవాళ్ళు పాడనీ. నీ వంతు పాట కొన్నాళ్ళు వాళ్ళు పాడతారు, సంఘమన్నది అందుకే.

ఇంకొకటి, అడగకపోయినా అంటున్నాను. నీ ఉత్తరంలో బాబు నాన్నగారి మాట ఎక్కడా లేదు. ఆయన ఎక్కడ ఏడుస్తున్నారో చూడు. మన మగవాళ్ళు పొలం గట్టు మీదో, ఆగి ఉన్న బండిని తుడుస్తూనో ఏడుస్తారు, ఇంటికొచ్చి అన్నం పెట్టమంటారు. ఒక రాత్రి ఆ కార్డు ఇద్దరి మధ్యనా పెట్టుకోండి.

ప్రశ్న: కువైట్‌లో హౌస్ డ్రైవర్‌ని. మాది కోనసీమ. జూన్‌లో అమ్మ చనిపోయింది. కఫీల్ (ఇక్కడ నన్ను పనిలో పెట్టుకున్న యజమాని) సెలవు ఇవ్వలేదు. భూస్థాపన వీడియో కాల్‌లో చూశాను, మట్టి వేసే టైముకి సిగ్నల్ పోయింది. అప్పట్నుంచి ఏడుపు రావడం లేదు, ప్రార్థనా రావడం లేదు. రూమ్‌లో ఉండే క్యాథలిక్ స్నేహితుడు అమ్మ ఆత్మ కోసం పూజ చెప్పిస్తానన్నాడు. మా సంఘంలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదంటారు. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, పరదేశంలో కొలువు చేస్తూ తండ్రిని పాతిపెట్టడానికి సెలవడిగిన మనిషి బైబిల్లో ఉన్నాడు. యోసేపు. అంత పెద్ద అధికారి కూడా నేరుగా అడగలేక ఐగుప్తు రాజు ఫరో ఇంటివాళ్ళ చేత మాట చెప్పించుకున్నాడు. ఫరో వెళ్ళిరమ్మన్నాడు. యొర్దాను అవతల కళ్లంలో ఏడు రోజులు ఏడ్చారు. నీకు ఆ ఏడు రోజులు దొరకలేదు. ఏడుపు రాకపోవడం నీ మనసు రాయి అయినందుకు కాదు, ఏడవడానికి చోటూ జనమూ లేకపోయినందుకు.

పూజ విషయం. క్యాథలిక్కులు నవంబరు 2న చనిపోయినవాళ్ళందరినీ తలుచుకుని వాళ్ళ ఆత్మల కోసం ప్రార్థిస్తారు. మన లూథరన్, బాప్టిస్టు పెద్దలు అది చేయరు, పోయినవాళ్ళు ప్రభువు చేతిలో ఉన్నారు కాబట్టి వాళ్ళ గురించి కృతజ్ఞత చెబుదాం అంటారు. నేనూ అలాగే పెరిగాను. నాలుగు వందల ఏళ్ళ పైబడిన తగాదా, నీ రూములో తెగదు. మీ అమ్మని చూడనైనా చూడనివాడు ఆమె పేరు దేవుడి ముందు ఎత్తుతానంటున్నాడు. నీ నమ్మకం నీకు ఉంచుకుని అతనికి టీ పోసివ్వు.

మీ శుక్రవారం కూడికలో పది నిమిషాలు అడుగు. అమ్మ పేరు, ఊరు, ఆవిడ వండితే ఏది బాగుండేదో అందరికీ చెప్పు. నువ్వు ప్రార్థించలేకపోతే పక్కవాళ్ళని చేయమను. సెలవు దొరికి ఊరొచ్చిన రోజున ఇంట్లో పెట్టె దించకముందే సమాధుల దొడ్డికి వెళ్ళు. ఒక గుప్పెడు మట్టి తీసి వెయ్యి. సిగ్నల్ పోయినప్పుడు ఆగింది అక్కడినుంచే మొదలవ్వాలి.

ప్రశ్న: హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగినిని. మావారు పోయి ఏడాదిన్నర. నిద్ర లేక, తిండి లేక, బతకాలని లేక డాక్టరు దగ్గరికి వెళితే మందులిచ్చారు. ప్రార్థన గుంపులో తెలిసి, ‘ప్రార్థన చాలదనా మాత్రలు వేసుకుంటున్నావు’ అన్నారు. మానేయనా?

జవాబు: మానొద్దు. ఈ ఒక్క మాటకి వివరణ అక్కర్లేదు, కానీ ఆ గుంపులో చూపించుకోవడానికి రాస్తాను. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని ‘నా ప్రాణం తీసేయి’ అన్నాడు. మొన్నే ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్త ఆయన. విశ్వాసం చాలలేదని ఎవరంటారు? దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు. తట్టి లేపి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళబుడ్డి తల దగ్గర పెట్టాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. ‘ఇక్కడ నీకేమి పని’ అన్న దేవుడి మాట నలభై రోజులు నడిచాక గానీ రాలేదు.

నీ మాత్ర ఆ అప్పం లాంటిదే అనుకో. మోతాదు తగ్గించాలన్నా మార్చాలన్నా డాక్టరుతోనే మాట్లాడు. ‘బతకాలని లేక’ అని రాశావు, ఆ మాట నేను దాటి వెళ్ళలేను. అది మళ్ళీ వస్తే, రాత్రి రెండింటికైనా సరే, ప్రభుత్వ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒకరికి కూడా చెప్పి ఉంచు. ప్రార్థన మాటలు రాని రోజున ఊరికే మంచం మీద కూర్చుని మూలుగు. రోమా 8వ అధ్యాయంలో పరిశుద్ధాత్మే ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో’ మన పక్షంగా అడుగుతున్నాడని ఉంది. ఆ గుంపుకి కొన్నాళ్ళు వెళ్ళకపోయినా కొంప మునగదు.

ప్రశ్న: ఆంటీ, నా ఫ్రెండ్ యాక్సిడెంట్‌లో పోయాడు. వాళ్ళింటికి ఆ రోజు తర్వాత మళ్ళీ వెళ్ళలేదు. వాళ్ళమ్మని చూస్తే ఏం మాట్లాడాలో, ఏ వాక్యం చెప్పాలో తెలియక భయం. నేను బతికి ఉండి కనబడితే ఆవిడకి ఇంకా బాధేమో. – ఇరవై ఏళ్ళ కుర్రాడు

జవాబు: నాన్నా, వాక్యం వద్దు. పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ ఆయనతో నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడైంది, చివరికి దేవుడే వాళ్ళని తప్పుపట్టాడు.

బాధ ఎలాగూ ఉంది, నువ్వు తెచ్చిపెట్టేది కాదు. వెళ్ళు. వాడి పేరు పెట్టి మాట్లాడు, అందరూ ఆ ఇంట్లో ఆ పేరు పలకడం మానేసి ఉంటారు. నీ ఫోన్‌లో ఆవిడ చూడని ఫొటోలు ఉంటాయి, వాడు పంపిన వాయిస్ మెసేజీలు ఉంటాయి, క్యాంటీన్‌లో వేసిన వెర్రి వేషాల వీడియోలు ఉంటాయి. ముందే పెట్టేయకు, ‘చూస్తారా ఆంటీ’ అని అడుగు. వద్దంటే ఊరుకో, ఇంకోసారి వెళ్ళు. చూస్తానంటే మాత్రం చార్జర్ తీసుకెళ్ళు. చాలాసేపు పడుతుంది.